ముందుగాల అమ్మ తాగేది

బస్సు పటాన్‌చెరు దాటంగనే నా చెయ్యి దానంతట అదే కొంగు అందుకొని ముక్కు మీదికి పోతది. పక్క సీట్ల పిల్లలు ఫోన్లు జూసుకుంటనే ఉంటరు, వాళ్లకేం తెల్వది. ఇప్పుడు అంత వాసన యాడున్నది, ఉత్తగనే పరేషాన్ అయితవ్ అంటడు మా ఆయన. నాకైతే వస్తది. మొన్న అమ్మ దినాలు అయిపోయినంక మల్ల సంగారెడ్డిల మా ఇంటికి పోతున్న. ముసురు పట్టి ఉండె. ముత్తంగి కాడ బస్సు ఆగితే కిటికిలకెళ్లి తడిగాలి కొట్టింది. గా గాలిల గదే వాసన. మందుల డబ్బ మూత తీసినట్టు, దాంట్ల మురిగిన గుడ్డు కలిపినట్టు. ముందు సీటు కడ్డి రెండు చేతులతోని పట్టుకున్న. కండక్టర్ పిల్లగాడు జూసి, ఏందమ్మా పానం మంచిగ లేదా అని అడిగిండు. ఏమని చెప్తా? మనుమరాలున్న ముసల్దాన్ని, వాసనకు భయపడ్డనంటే నవ్వడా? ఏం లేదు బిడ్డా, జెర కిటికి మూయి అన్న.

గా వాసన నా చిన్నతనంది. దానితోటే మా అమ్మ గూడ వస్తది, ఒక చేతిల చెంబు, నడుముకు చెక్కిన కొంగు.

మా ఊరు పెద్దరోడ్డుకు జెర లోపలికి ఉండె. జొన్నలు, కందులు, బావి కింద ఇంత వరి. ఊరి నడుమ ఒక మంచినీళ్ల బావి ఉండె, రాతి కట్టుది, గిరక ఏసింది. ఆ బావి నీళ్లతోని వండితే పప్పు నిమిషంల ఉడుకుతది అని పక్కూర్లోళ్లు గూడ అనేటోళ్లు. మా అమ్మకు ఆ బావి అంటే గంగమ్మే. శుక్రవారం శుక్రవారం గట్టు కడిగి, పసుపు కుంకుమ వెట్టి, రెండు వేపరెబ్బలు పెట్టి దండం వెట్టేది. శనివారం ఒక్కపొద్దు. పోచమ్మ, మైసమ్మ, ఎల్లమ్మ, ఇంట్ల రాములవారి పటం, ఎవ్వలను ఇడిసిపెట్టేది కాదు. మా అవ్వ, అంటే నాయన తల్లి, నవ్వుకుంట అనేది, నా కోడలు దేవుండ్లందరికి హాజరైతదే అని.

దేవుండ్లకే కాదు, మనుషులకు గూడ. ఊర్ల ఎవ్వలకు కాన్పు నొప్పులొచ్చినా ముందుగాల మా ఇంటికే ఉరికొచ్చేటోళ్లు. ఎవ్వలింట్ల చావైనా అక్కడ పొయ్యి ముట్టియ్యరు గద, మా అమ్మ జొన్నరొట్టెలు కాల్చి, పచ్చిపులుసు చేసి గంపల వెట్టుకొని పోయేది. మా పొయ్యి మీద మాకంటె ఊరికే ఎక్కువ వండేది. మా నాయన గులిగేటోడు. అమ్మ వింటున్నట్టే ఉండి వినకపోయేది.

ఇగ ఎండకాలం వచ్చిందంటే మా అమ్మ పెద్దరోడ్డు మీదనే ఉండేది. రోడ్డు మొగదల తాటికమ్మలతోని చిన్న పందిరి, దాని కింద రెండు మట్టి రంజన్లు, చుట్టూ తడిపిన గోనెపట్టలు. అవే మా అమ్మ చలివేంద్రం. నేను కడుప్ల ఉన్నప్పుడు సంగారెడ్డి దవాఖానకెళ్లి నడిసొస్తుంటె తొవ్వల దూపకు కండ్లు తిరిగి పడిపోయిందట. ఎవ్వలో ఎరుకలేని ముసలామె చెంబెడు నీళ్లు పోసిందట. గా దినం అమ్మ పోచమ్మకు మొక్కుకున్నది, నా పానం ఉన్నన్ని దినాలు ఎండకాలంల తొవ్వన పోయేటోళ్లకు నీళ్లు పోస్తనని.

నీళ్లు పోసుట్ల ఒక పద్ధతి ఉండె మా అమ్మకు. తల్లిగారింటికెళ్లి తెచ్చుకున్న పద్ధతి. పొద్దుగాల బావిలకెళ్లి మొదటి బొక్కెన తోడంగనే దోసిలి పట్టి ఒక గుక్క తనే తాగేది. మల్ల రంజన్ కాడ గూడ అంతే, పొద్దున మొదటి మనిషి వచ్చిండంటే ఆయన కండ్ల ముందట తను ఒక గుక్క తాగి, చెంబు కడిగి, అప్పుడు పోసేది. తొవ్వన పోయేటోనికి మనమెవ్వలమో తెల్వదు, మనం తాగి సూపెట్టాలె, అప్పుడే పోసినట్టు అనేది. లారీ డ్రైవర్లకు, ఫ్యాక్టరీల కట్టుబడి పనికొచ్చిన బిహార్ పోరగాండ్లకు మా అమ్మ తెలుగు రాకపోతుండె గని గా గుక్క సమజ్ అయితుండె. మాతాజీ అని చేతులు జోడిచ్చేటోళ్లు.

నాకు ఆ పందిరి కిందనే సెలవులన్ని గడిసేటివి. రంజన్ల వేసిన వట్టివేర్ల వాసన, తడి గోనెపట్ట వాసన, లారీలకెళ్లి వచ్చే డీజిల్ పొగ. శ్రీరామనవమికి పానకం కోసమని దాచిన బెల్లం నేను, నా దోస్తు కలిసి సగం నాకేస్తుంటిమి. చీమలు తిన్నయే అని చెప్తె అమ్మ మా మూతులు జూసి, గింత పెద్ద చీమలా అనేది. ఉప్పుకారం అద్దుకొని మామిడికాయలు తిని, పండ్లు పులిసి, రాత్రి బువ్వ తినలేక తిట్లు పడేటోళ్లం.

మెల్లగ మా చుట్టూర ఫ్యాక్టరీలు లేసినయ్. ముందుగాల గోడలు, తర్వాత గొట్టాలు, తర్వాత సైరన్లు. మా నాయనకు గూడ ఒక మందుల ఫ్యాక్టరీల నౌకరి దొరికింది. నెలకింత అని జీతం వచ్చుడు మా ఇంట్ల అదే మొదలు. అవ్వ ఖుషీతోని ఊరంతా బెల్లం పంచింది. మా ఎనుక అర్రలు కిరాయికిచ్చినం. కృష్ణా జిల్లాకెళ్లి వచ్చిన ఆలుమొగలు దిగిండ్రు, ఆయన పెద్ద సర్కారు ప్లాంటుల పని. ఆమెను నేను అత్తమ్మ అంటుంటి. ఆమె మా అమ్మను వదినగారూ అనేది. వాళ్లింట్ల చేపల పులుసు వాసన వస్తె మా అవ్వ ముక్కు మూసుకునేది, కొంచెం గిన్నెల ఏసియ్యమని నన్ను సాటుగ పంపేది.

వాసన ముందుగాల వాగుల వచ్చింది. వాగు నీళ్లు ఒక దినం చాయ్ రంగు, ఒక దినం నల్లగ, పైన సబ్బు నురుగు లెక్క. అండ్ల కాళ్లు పెట్టిన పోరగాండ్లకు పిక్కల మీద దద్దుర్లు లేసి గోకి గోకి నెత్తురు వచ్చేది. తర్వాత చెరువుల చేపలు తెల్లటి కడుపులు పైకి చేసి తేలినయ్. పెద్దోళ్లు చెట్ల కింద కూసోని మాట్లాడుకునేటోళ్లు, ఫ్యాక్టరోళ్లు వానొచ్చినప్పుడు జూసి మందుల నీళ్లు వాగుల ఇడుస్తున్నరు అని. మాట్లాడుకుంటనే మా నాయన వస్తుంటె సప్పుడు లేకుండ ఐతుండిరి. నాయన గూడ తలకాయ వంచుకొని పోయేటోడు.

మా బర్రె ఒకటి ఉండె, కొమ్ము ఇరిగింది. నా మాట తప్ప ఎవ్వలది వినేది కాదు. అది వాగుల నీళ్లు తాగొచ్చి పెరట్ల పండుకున్నది, మల్ల లేవలే. నోట్లకెళ్లి సొంగ, కండ్లు తెరిసే ఉన్నయ్. అమ్మ దాని మెడ మీద చెయ్యేసి కూసున్నది. నేను జూసిన. తాగితే సస్తరు అన్న సంగతి నాకు గా దినం సమజ్ అయింది. పుస్తకంల చదివితే గాదు, కండ్లతోని జూస్తె.

మా మంచినీళ్ల బావి ఊరి నడుమ ఉన్నది, వాగుకు దూరం, దానికేం గాదు అన్నరు అందరు. గంగమ్మ ఉన్నది అన్నది అమ్మ. గని ఆ ఏడు ఎండకాలం మొదట్ల అన్నం పసుపు రంగు తిరిగింది. పప్పు ఎంత ఉడికిచ్చినా పలుకు పలుకే. చాయ్ పెడితే పాలు ఇరిగిపోయేటివి. అత్తమ్మ వచ్చి, వదినగారూ, ఆ నీళ్లు మరగబెట్టి చల్లార్చి తాగండి, పిల్లలున్నారు అని చెప్పింది. అమ్మ మరగబెట్టింది. మరగబెడితే వాసన ఇంకింత లేసి ఇల్లంతా నిండింది. పటిక తిప్పింది, చిల్లగింజ అరగదీసి రంజన్ల రాసింది. పైకి అద్దం లెక్క తేటగ కనవడ్డయ్. వాసన మాత్రం పోలే.

అమ్మ పసుపు ఎక్కువ కలిపింది. శుక్రవారం పూజ దినాం పూజ అయింది. కొబ్బరికాయలు బావిల వేసింది. గంగమ్మకు కోపమొచ్చింది, శాంతి చేస్తే మల్ల మంచిగైతది అని ఆమె నమ్మకం. ఫ్యాక్టరోళ్లు ఇడిసిన నీళ్లు పసుపుకు బెదురుతయా? ఇప్పుడంటె నవ్వొస్తది. అప్పుడు నాకు నవ్వు రాలే, ఎందుకంటే పూజ అయినంక ప్రతి పొద్దుగాల ఆమె మొదటి బొక్కెన తోడి, దోసిలి పట్టి, ఒక గుక్క తాగేది. మంచిగైనయా లేదా అని రుచి జూసుడు అన్నట్టు. గుటక మింగి కండ్లు మూసుకొని జెరసేపు నిలవడేది. నేను పక్కన నిలవడి ఆమె గొంతు జూస్తుంటి. తర్వాత, ఇయ్యాల జెర నయం బిడ్డా అనేది.

నయం ఏం లేదు. ఆమె మొకం జూస్తెనే తెలుస్తుండె.

గప్పటి సంది నాకు అన్నం సహించలే. బడిల కూసుంటె పలక మీద అక్షరాలు కాకుండ బర్రె కండ్లు కనవడేటివి. మధ్యాహ్నం బడి ఇడవంగనే ఇంటికి ఉరికొచ్చేదాన్ని. అమ్మ గోడ నీడకు జెరంత ఒరిగి ఉంటె దగ్గరికి పోయి ముక్కు కింద ఏలు పెట్టి జూసేదాన్ని. ఊపిరి తగిలితే నాకు ఊపిరి వచ్చేది. ఒకసారి ఆమె కండ్లు తెరిసి, ఏందే నా ముక్కుపుల్ల గుంజుతున్నవా అన్నది. నేను ఆమె కడుప్ల మొకం పెట్టి ఏడ్సిన. ఎందుకేడుస్తున్నవ్ అంటె చెప్పలే. చెప్తె నిజమైతదని భయం.

నాయనకు చెప్పిన. అమ్మను ఆ నీళ్లు తాగొద్దను నాయనా అన్న. ఆయన బీడీ ఆర్పి, మీ అమ్మ నా మాట వింటదా అన్నడు. మల్ల నా దిక్కు జూడకుండనే, ఊర్లె ఎవ్వలతోని ఫ్యాక్టరీ ముచ్చట మాట్లాడకు, నా నౌకరి పోతది అన్నడు. గట్ల భయపడే మొగోన్ని నేను అప్పటిదాంక జూడలే. ఇగ ఇంట్ల భయపడేటోళ్లం ఇద్దరమైనం.

ఒక దినం నేను, నా దోస్తు ఎవ్వలు జూడకుండ చాంతాడు, బొక్కెన రెండిటిని బావిల పడేసినం. తోడనీకె లేకపోతె తాగదు గద అని నా అకల్. ఊరంతా లొల్లి. పాతాళగరిగె తెచ్చి తీస్తె మా దోస్తు ఏడ్సి చెప్పేసింది. నాయన రెండు తన్నిండు. అమ్మ కొట్టలే. కొట్టకుండ నన్ను దగ్గర కూసోవెట్టుకొని జొన్నరొట్టెల బెల్లం పెట్టి మడిచి ఇచ్చింది. ఎందుకు చేసినవ్ అని అడగలే గూడ. మల్ల తెల్లారి అదే బొక్కెన, అదే దోసిలి, అదే గుక్క.

చలివేంద్రంకు మాత్రం అమ్మ ఆ నీళ్లు పోయలే, అది చెప్పాలె. రంజన్లు బోర్లేసింది. బావి మంచిగైనంక పోస్త అని వచ్చినోళ్లకు చెప్పుకుంట, పందిరి కింద ఉత్త చేతులతోని కూసునేది. లారీ ఆపి దిగినోళ్లు ఖాళీ రంజన్ జూసి పోతుంటె ఆమె తల దించుకునేది. మేము ఇంట్ల తాగనీకె దూరంగ ఒక పొలంల బోరింగ్ కాడికెళ్లి బిందెలతోని మోస్తుంటిమి. అవి మాకే సాలీసాలక ఉండె. ఆమెకు మాత్రం పొద్దుగాల గా గుక్క తప్పది. బావి మంచిగైతెనే గద మొక్కు తీరేది.

ఆషాఢం వచ్చింది. బోనాలు. వానలు పడి బావి నీళ్లు పైకొచ్చినయ్, వాసన ఇంకింత ఎక్కువైంది, గట్టు మీదికి పోతె కండ్లు మండుడు. గా ఏడు బావి నీళ్లు సాక పోయాల్నా వద్దా అని ఊర్ల పంచాయితి అయింది. బోనం ఎత్తుకపోయినంక అమ్మవారి ముందల పసుపునీళ్లు వేపరెబ్బలు వేసి పోస్తరు, గదే సాక. మా ఊర్ల ఆ నీళ్లు ఊరి బావివే కావాలె, మా అమ్మనే తోడాలె, మా అమ్మ బోనమే ముందు నడవాలె. పోచమ్మకు పూజ చేసే కుమ్మరి తాత, ముసలాయన, బావి నీళ్లే కావాలె అన్నడు. ఊరి బావిని కాదంటె ఊరిని కాదన్నట్టే, తల్లికి కోపమొస్తె పిల్లలకు అమ్మవారు పోస్తది అన్నడు. అందరు మా అమ్మ దిక్కు జూసిండ్రు. ఆమె సరే అన్నది.

డప్పులు కొడుతున్నయ్. వేపాకు, సాంబ్రాణి, కల్లు, కోడిపుంజుల వాసన, బోనంల జొన్న గటుక మీద బెల్లం వాసన. పెద్ద పండుగే అది, నవ్వులే నవ్వులు. నేను మాత్రం అమ్మనే జూసుకుంట నడుస్తున్న. అమ్మ నెత్తి మీద బోనం, చేతిల ఇత్తడి చెంబు. చెంబుల పసుపు కలిపిన బావి నీళ్లు. గుడి ముంగట బోనం దించింది. సాక పోయాలె. అమ్మ చెంబు ఎత్తింది, మల్ల దించింది. మల్ల ఎత్తింది. డప్పులోళ్లు ఆగి జూస్తున్నరు.

"పొయ్యి బిడ్డా" అన్నడు కుమ్మరి తాత.

అమ్మ ఆయన దిక్కు తిరిగి మెల్లగ అన్నది, "నేను తాగకుండ ఎవ్వలకు పోయలే తాతా. రోడ్డు మీద పోయేటోనికే పోయలే. తల్లికెట్ల పోస్త?"

గోల లేసింది. దేవికి పోసేది ఎంగిలి చేస్తవా, నీకేమన్న పిచ్చా అన్నరు. అవ్వ గూడ వద్దే కోడలా అని కొంగు పట్టి గుంజింది. అమ్మ ఎవ్వలను జూడలే. పోచమ్మనే జూసుకుంట చెంబు పెదువుల కాడికి తెచ్చింది. ఎప్పటి లెక్క ఒక గుక్కనా, చెంబు మొత్తమా, నాకెట్ల తెలుస్తది? నాకు బర్రె కనవడ్డది. నేను ఏం ఆలోచన చేయలే. మీదికి దునికి, చెంబు గుంజుకొని, గటగట తాగిన.

ఆ రుచి ఇప్పటికి నాలుక మీద ఉన్నది. తుప్పు పట్టిన ఇనుము నాకినట్టు, గొంతుల సున్నం పోసినట్టు, పసుపు వాసన మీది మీదనే. సగం ఒలికింది, సగం కడుపులకు పోయింది. అమ్మ చెయ్యి గట్లనే గాలిల ఆగిపోయింది. ఆమె మొకంల ఆ రంగు నేను అంతకుముందు జూడలే, మల్ల ఎన్నడు జూడలే. నా నోట్ల ఏళ్లు పెట్టి కక్కిపిచ్చింది, అక్కడనే, అమ్మవారి ముంగట. బోనం అక్కడనే ఇడిసిపెట్టి నన్ను భుజం మీద వేసుకొని రోడ్డు దిక్కు ఉరికింది. ఎనుక నాయన ఉరుకుతున్నడు. నేను ఆమె ఈపు మీద కక్కుకుంటనే ఉన్న.

సంగారెడ్డి పెద్ద దవాఖానల పండవెట్టిండ్రు. సూదులు, సెలైన్ సీస. డాక్టరమ్మ అడిగింది, ఏం తాగింది అని. ఊరి బావి నీళ్లు అని నాయన చెప్పిండు. గా ఒక్క మాట అని, ఎవ్వలన్న ఇన్నరా అని ఆయన తలుపు దిక్కు జూసుడు నేను మంచం మీదికెళ్లి జూసిన. ఇంట్ల ఇంకెవ్వలన్న తాగుతరా అని అడిగింది ఆమె. అమ్మ, నేను తాగుత మేడం, దినాం తాగుత అన్నది. డాక్టరమ్మ రాసుడు ఆపి ఆమెను జూసింది. ఎందుకమ్మా అన్నది. అమ్మ నా మీది దుప్పటి సదిరింది. ఇద్దరి నెత్తురు తీసిండ్రు.

తెల్లారి ఎండ కిటికిలకెళ్లి మంచం మీద పడ్డది. జొరం దిగింది. అమ్మ నా పక్కన కింద కూసోని ఉన్నది, నా కాలు పట్టుకొని. బోనం నాటి పసుపు ఇంక ఆమె మొకం మీద ఎండిపోయి ఉన్నది.

"ఎందుకు తాగినవే?" అన్నది.

"నువ్వు సచ్చిపోతవని."

ఆమె ఒక చేత్తోని కొంగు పట్టి నా మొకం తుడిసింది. మల్ల నా కాలు మీద చెయ్యి తీయకుండనే అన్నది, "నాకు భయం లేదనుకున్నవా బిడ్డా? దినాం భయమే. గొంతు దిగుతుంటె దినాం అనుకున్న, ఇయ్యాలనే పోతనేమో అని. తాగుడు బంద్ చేస్తె బావి సచ్చిందని ఊరికి నేను చెప్పినట్టు. ఆ మాట నా నోట్లకెళ్లి రాలే."

అమ్మకు భయం ఉంటదని నాకు ఆ దినందాంక తెల్వదు. ఆమె అన్నీ తెలిసే తాగింది, నమ్మకంతోని గాదు. గది తెల్సినంక నా భయం తగ్గలే, రెండింతలైంది.

ఇగ తాగవా అన్న. తాగ అన్నది. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు అన్నది. మా అమ్మ ఒట్టు వేసుడు నేను జూసింది అదొక్కసారే.

ఊరికి వచ్చినంక ఆమె ఇంటికి పోలే. సక్కగ బావి కాడికి పోయింది. గట్టు కడిగింది, పసుపు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, అంత చేసి, తుమ్మకంప కొట్టుకొచ్చి బావి మీద కప్పింది. అవ్వ ఏడ్సింది. కుమ్మరి తాత వచ్చి నిలవడి జూసిండు, ఆపలే. బావికి సావు చేసినట్టు చేసింది మా అమ్మ. చేతులకు ముండ్లు గుచ్చుకొని నెత్తురు కారుతుంటె గూడ ఎవ్వలను సాయం రానియ్యలే. ఆ దినం ఊరు మొత్తానికి ఆమె నోటితోని చెప్పింది, ఈ నీళ్లు తాగకుండ్రి అని.

నాయన నౌకరి పోయిందా అంటరా? పోయింది. దవాఖానల చెప్పిన మాట ఎట్లనో ఫ్యాక్టరీ దాంక పోయింది. ఆయన మల్ల దుక్కి దున్నుకున్నడు, ఎవుసంల ఏం మిగలకున్నా. అమ్మను ఒక్క మాట అనలే. మంచినీళ్లియ్యాలె అని ఊర్ల ఆడోళ్లను ఖాళీ బిందెలతోని తీస్కపోయి అమ్మ పెద్దరోడ్డు మీద కూసోవెట్టింది, అత్తమ్మ గూడ వచ్చి కూసున్నది, వాళ్లాయన వద్దన్నా ఇనలే. లాఠీలు పట్టుకొని పోలీసులు వచ్చిండ్రు. నేను అమ్మ కొంగు ఇడవలే. అదొక భయం. చివరికి ట్యాంకర్ నీళ్లు వచ్చినయ్, ఒకదినం వస్తె రెండుదినాలు రాకుండ.

మల్ల ఎండకాలంల చలివేంద్రం లేసింది. కంది దిక్కుకెళ్లి పట్నంకు పాలు తీస్కపోయే వ్యాన్ పిల్లగాన్ని అమ్మ, కొడుకా అని పిలిసి దోస్తాన చేసింది. ఆయన వాళ్ల ఊరి బావి నీళ్లు నాలుగు క్యాన్లల్ల నింపుకొచ్చి ఇడిసేటోడు. ఎంత కడిగినా ఆ నీళ్లల్ల జెర పాల వాసన వచ్చేది. లారీ డ్రైవర్లు నవ్వేటోళ్లు, మాతాజీ లస్సీ పోస్తున్నదని. బోనాల సాకకు గూడ ఆ నీళ్లే పోసింది. పిల్లలకు అమ్మవారు పోయలే. పోస్తె మా అమ్మ మీదికే వస్తుండె మాట, పోచమ్మ దయ, పోయలే.

గా తర్వాత మా అమ్మ మస్తు ఏండ్లు బతికింది. నా పెండ్లి, మా తమ్ముని పెండ్లి చేసింది. అవ్వను, నాయనను సాగనంపింది. ఊర్ల ఎన్ని కాన్పులు జేసిందో, ఎంతమందికి ఆఖరిసారి నోట్ల నీళ్లు పోసిందో ఆమెకే యాది లేదు. నన్ను సంగారెడ్డికి ఇచ్చిండ్రు. ఆడికెళ్లి ప్రతి వారం ఏదో ఒక సాకుతోని పోతుంటి. పోంగనే ముందుగాల ఆమె కండ్ల కింద జూసేదాన్ని, కాళ్లు ఉబ్బినయా అని ఒత్తి జూసేదాన్ని, గోర్లు జూసేదాన్ని. జెర దగ్గితే నాకు పానం పోయేది. ఆ బావి నీళ్లు తాగినోళ్లల్ల కొందరు కిడ్నీలు పాడై పోయిండ్రు, నీళ్లకే పోయిండ్రో వేరే దేనికో ఎవ్వలు చెప్తరు? మా అమ్మ ఎన్ని నెలలు తాగింది? ఆమె వంతు ఎప్పుడొస్తదా అని నేను ఎదురు జూస్తనే ఉన్న. దవాఖానలు తిప్పిన. అన్ని మంచిగనే ఉన్నయ్ అంటె ఆ డాక్టర్‌కు రాదు అని ఇంకో డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆమె నవ్వేది. నాకేమైతదే, నన్ను ఇడిసిపెట్టు, నీ ముచ్చట చెప్పు అనేది. నా ముచ్చట ఏమున్నది చెప్పనీకె. భయం, బుగులు తప్ప.

మొన్న పోయింది. మధ్యాహ్నం ఇంత బువ్వ తిన్నది, మామిడి తొక్కు వేసుకున్నది, జెరసేపు ఒరుగుత అన్నది. ఒరిగింది, మల్ల లేవలే. డాక్టర్ వచ్చి జూసి, వయసైపోయిందమ్మా, ఏ బీమారి లేదు, ఇంత మంచిగ పోవుడు అందరికి రాదు అన్నడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్న. "సారూ, నీళ్లకా?" అని అడిగిన. ఆయనకు సమజ్ కాలే. "నీళ్లేందమ్మా?" అన్నడు. మా తమ్ముడు నన్ను పక్కకు తీస్కపోయి కూసోవెట్టిండు.

ఆ నీళ్లు మా అమ్మను తీస్కపోతయని నేను ఇన్నేండ్లు కావలి కాసిన. అవి తీస్కపోలే. ఆమె అన్ని ఏండ్లు నిండుగ బతికి పోయింది, నేను మాత్రం ఆమె బతికున్నన్ని దినాలు ఆమె సావునే జూసుకుంట కూసున్న. ఆమె నవ్వుతుంటె గూడ నవ్వు జూడలే, పండ్ల చిగుర్లు తెల్లవడ్డయా అని జూసిన. ఇప్పుడు సంగారెడ్డిల ఇల్లంతా తిరుగుత, పొయ్యి కాడికి పోత, గుమ్మం కాడికి పోత. భయపడనీకె అమ్మ లేదు. ఇగ ఏం చేయాల్నో నాకు తెలుస్తలేదు.